అక్క పేరున తోట

పెనుకొండ కొండ కనిపించే చోట మాకొక తోట ఉంది. నాలుగెకరాల ఎర్రనేల, మూడు గదుల ఇల్లు, ఒక బోరు, రెండు పాలీహౌసులు. దాన్ని కొన్నది నేను. కొన్నది అక్క కోసం. రిజిస్టరు అయింది కూడా అక్క పేరునే. అది తన తోట అని అక్కకు గుర్తున్నది మాత్రం ఏడాదిన్నరే.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాకు పదేళ్ళప్పుడు నాలుగు రోజుల జ్వరంతో నాయన కూడా పోయాడు. సగం నేసిన చీర మగ్గం మీద అట్లాగే ఉంది. కర్మంతరాలు అయిన మర్నాడే పెద్దవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మగ్గం అమ్మేయాలన్నారు. ఆడపిల్లలను తలా ఒకరింట్లో సర్దాలన్నారు. అక్కకప్పుడు పదహారేళ్ళు. అందరికీ కాఫీలిచ్చి, గ్లాసులు కడిగి బోర్లించి, లోపలికి పోయి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంది. కాసేపటికి మగ్గం చప్పుడు బయటికి వినపడింది. అరుగు మీద మాటలు ఆగిపోయాయి. మాతోనే ఉండే అవ్వ, నాయన తల్లి, నన్ను దగ్గరికి లాక్కొని, "మీ అక్క దిగింది. నువ్వు బడికి పో" అనింది.

ఆ గుంతలో నుంచి అక్క నలభై ఏళ్ళు పైకి రాలేదు. నేను బడి ముగించాను, నర్సు ట్రైనింగుకు పోయాను, హిందూపురంలో ఉద్యోగం తెచ్చుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను. అక్కకు కూడా సంబంధాలు రాకపోలేదు. "మగ్గమ్మీద పడుగుండాది, అయిపోనీలే" అనేది. ఒక పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన పొడవు పోగులు, అయిపోయేలోపల ఇంకో పడుగు వచ్చేది. అట్లా ఒక వయసు దాటాక అడిగేవాళ్ళు కూడా లేకుండా పోయారు.

నాకు యాభై దాటాక ఒకసారి, నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి పొమ్మని అక్కను ధర్మవరం నుంచి ప్యాసింజరు రైల్లో తీసుకొస్తున్నాను. పెనుకొండ దాటాక కిటికీ పక్కన కూర్చున్న అక్క నా మోచేయి పట్టి లాగింది.

"అవేమి పాపా, తెల్లగా డేరాల మాదిరి?"

"పాలీహౌసులక్కా. లోపల పూలు, కూరగాయలు పెడతారు. ఎండ దెబ్బ తగలకుండా."

"నీడలో కూర్చోని సేద్యమా!" అని నవ్వింది. రైలు కదిలిపోతున్నా మెడ తిప్పి అటే చూసింది. "అట్లాంటిదొకటి మనకుంటే శానా బాగుంటాది. నీడ పట్టున పని, తలెత్తితే వెలుతురు."

అక్క తనకోసం ఏదైనా కావాలని అనడం నేనెరిగి అదొక్కసారే. నేను కూడా నవ్వి, డబ్బాలో నుంచి చిత్రాన్నం తీసి చేతికిచ్చాను. అప్పుడే నేను పట్టించుకొని ఉంటే ఆమెకు ఆ తోటలో ఇంకో పదేళ్ళు ఉండేవి.

మా ఆయన పోయాక, నేను రిటైరయ్యాక, ఒకరోజు ధర్మవరం పోయాను. అక్క మోకాళ్ళు పని చేయక మగ్గం తీసేసి అప్పటికి చాలా రోజులైంది. గుంత మాత్రం పూడ్చలేదు. అక్క ఆ గుంత గట్టు మీద కూర్చొని, కాళ్ళు లోపలికి వేలాడేసుకొని, బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అప్పుడప్పుడు ఎవరైనా పిలిస్తే అచ్చు అతకడానికి పోయేది. పాత పడుగు పోగు చివరకు కొత్త పడుగు పోగును, వేళ్ళకు బూడిద రాసుకొని, ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలిపే పని అది. వేల పోగులుంటాయి.

"నాతో వచ్చేయక్కా" అన్నాను.

"నీ ఇంట్లో నేనేం చేసేది? టీవీ ముందర కూర్చునేదా?" అనింది.

తిరిగి పోతుంటే రైలు పెనుకొండ దగ్గర ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ మాట.

ఆరు నెలలు వెతికాను. ఒకచోట నీళ్ళు లేవు, ఒకచోట దారి లేదు, ఒకచోట అన్నదమ్ముల తగాదా. చివరికి ఒక బ్రోకరు ఈ తోట చూపించాడు. చూడడానికి అక్కను కూడా వెంటబెట్టుకొని పోయాను. అమ్మే ఆయన గుడిబండ వైపు మనిషి. యాభై ఐదేళ్ళుంటాయి. తెలుగు మాట్లాడుతూ మధ్యలో తెలియకుండానే కన్నడంలోకి పోయేవాడు. ఇల్లంతా తిప్పి చూపించాడు. మొదటి పాలీహౌసు ఖాళీగా ఉంది. రెండో దాని తలుపు తీసి తను బయటే నిలబడ్డాడు. లోపలికి పోయి చూస్తే వరుసల నిండా కీరదోస తీగలు. ఎవరూ కోయక కాయలు పండి, పసుపెక్కి, ఎండిన తీగలకే వేలాడుతున్నాయి.

"కోయలేదా అన్నా?" అన్నాను బయటికొచ్చి.

"బోరు, మందులు, మార్కెట్టు నేను చూసుకుంటాంటి. లోపల పనంతా మా ఇంటామెదే. ఆమె పోయినాంక ఒక పంట పెట్టినా. కాయ పట్టింది గానీ, కోసేకి లోపలికి పోతే ఊపిరాడలేదు నాకు."

అసలు సంగతి చివర చెప్పాడు. పడమటి కంచె దగ్గర, కానుగ చెట్టు కింద, సున్నం కొట్టిన చిన్న సమాధి ఉంది. దాని మీద వాడిపోయిన బంతిపూలు.

"ఈడుండాది మా ఇంటామె. దీన్ని తీసేయమంటే మాత్రం ఈ బేరం వద్దమ్మా. దుడ్లు తగ్గించుకోమంటే తగ్గించుకుంటా. ఏడాదికొకసారి వచ్చి టెంకాయ కొట్టి పోతా, అంతే. ముగ్గురొచ్చినారు. ముగ్గురూ దీన్ని చూసి ఎనక్కి పోయినారు."

నేనూ వెనక్కి పోయేదాన్నే. మనసులో వద్దనుకున్నాను కూడా. అక్క నన్ను దాటుకొని ముందుకు పోయింది. మోకాలి మీద చేయి పెట్టుకొని మెల్లగా వంగి, సమాధి మీద రాలిన ఆకులను కొంగుతో ఊడ్చింది.

"ఏమైందప్పా ఆయమ్మకు?"

"గుండె నొప్పి. ఆ లోపలే కూలబడిపోయింది. చేతిలో తీగలకు కట్టే దారం పట్టుకోని ఉన్నింది."

అక్క మళ్ళీ ఒకసారి ఆ పాలీహౌసు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఉండనీలే పాపా. నేనొక్కదాన్నే ఉండేదానికంటే ఆయమ్మ కూడా ఉంటే తోడవుతాది" అనింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

పెనుకొండలో రిజిస్ట్రేషను రోజు అక్క వేలిముద్రలు పడలేదు. మిషను మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు వెలిగింది. చూపుడువేలు, నడిమివేలు, ఏది పెట్టినా అంతే. ఆపరేటరు తడిగుడ్డతో తుడిపించాడు, నూనె రాయించాడు.

"ఏం పని చేస్తావమ్మా నువ్వు? వేళ్ళమీద గీతలే లేవు."

"మగ్గమప్పా. పట్టుపోగు అరగదీసింది."

వెనకాల వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. చివరికి ఎడమచేతి చిటికెనవేలిని మిషను ఒప్పుకుంది. బయటికొచ్చాక అక్క ఆ వేలిని పైకెత్తి చూసుకొని, "ఇదొకటి సోమరిది. కష్టపడలేదు కాబట్టి గీత మిగిలుండాది" అని నవ్వింది. మెట్లు దిగుతూ, "నా పేరు పెట్టించినావేంటికి పాపా?" అని అడిగింది.

"నీదే కాబట్టి" అన్నాను.

అక్క బస్టాండుదాకా నా చేయి పట్టుకొనే నడిచింది.

పక్క ఊరి నుంచి ఒక మొగుడూ పెళ్ళాం పనికి కుదిరారు. ఆ పాత తీగలన్నీ పీకేసి, మడులు చేసి, నర్సరీ నుంచి ట్రేలలో కీర నారు తెప్పించాం. నాటిన తర్వాత ఒక్కో మొక్కకు పై తీగ నుంచి సన్నటి ప్లాస్టిక్ దారం కిందికి వదిలి కట్టాలి. తీగ ఆ దారాన్ని పట్టుకొని పైకి పోతుంది. వందల దారాలు వరుసగా పైనుంచి కిందికి దిగిన రోజు అక్క లోపలికి వచ్చి, చేయి చాపి ఆ వరుసను ఒకసారి మెల్లగా నిమిరింది.

"పడుగే కదా పాపా ఇది! నిలబెట్టినారు, అంతే" అనింది.

పనామె వేసిన ముళ్ళు కాయ బరువుకు జారిపోయేవి. అక్క వేసినవి ఒక్కటీ జారలేదు. ఎత్తుపీట వేసుకొని కూర్చొని, వరుస వెంట జరుగుతూ, పనామెకు ముడి నేర్పించేది. పాల రంగు ప్లాస్టిక్ గుండా దిగే వెలుతురులో అక్క ముఖం నున్నగా, వయసు తెలియకుండా ఉండేది. తొలి కాత కాసినప్పుడు ధర్మవరంలో మా పాత వీధిలో అందరికీ కాయలు పంపించింది. సాయంత్రం పూట కానుగ చెట్టు దగ్గర దీపం పెట్టి, "ఈ పొద్దు శానా కాసినాయమ్మా. నువ్వు చేసిన నేల మంచిది" అని ఆమెతో మాట్లాడేది. నేను వారంలో సగం హిందూపురంలో, సగం తోటలో ఉండేదాన్ని. తోటకు వచ్చినప్పుడల్లా అక్క గేటు దగ్గరే ఎదురొచ్చి, ఏ వరుసలో ఎన్ని పూలు పడ్డాయో ఇల్లు చేరేదాకా చెప్పేది. అంత మాట్లాడే మనిషని నాకు అరవై ఏళ్ళు వచ్చాకే తెలిసింది.

రెండో ఏడు కూరలో ఉప్పు రెండుసార్లు పడడం మొదలైంది. బోరు ఆపడం మరిచిపోయేది. ఒకే మొక్కకు మూడు దారాలు కట్టేది. వయసనుకున్నాను. చూపు తగ్గిందేమోనని హిందూపురంలో కళ్ళ డాక్టరుకు చూపించి అద్దాలు మార్పించాను. ఎంతమంది ముసలివాళ్ళ పక్కన కూర్చొని వాళ్ళ పిల్లలకు ఈ జబ్బు గురించి చెప్పానో నేను! నా ఇంట్లోకి వస్తే మాత్రం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడం ఇష్టం లేకపోయిందేమో.

ఒకరోజు మధ్యాహ్నం పాలీహౌసులోకి పోయి చూస్తే, మొక్కలు లేని మూల అక్క కూర్చొని ఉంది. వట్టి దారాలను ఒకదానితో ఒకటి మెలిపెట్టి కలుపుతోంది. అప్పటికే పాతిక ముప్పై జతలు అయిపోయాయి. వేళ్ళకు బూడిద.

"ఏం చేస్తాండావక్కా?"

"రేపటికల్లా మగ్గమెక్కల్ల. చీరకు వచ్చేది రేపే కదా" అనింది, తలెత్తకుండా.

పనామె నా వైపు చూసింది. నేను పక్కన కూర్చొని, అక్క అందించిన దారాలు పట్టుకున్నాను.

బెంగళూరులో డాక్టరు స్కానింగులు చూసి మెల్లగా చెప్పాడు. ఏం చెబుతాడో నాకు ముందే తెలుసు. మందులు రాసిచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు అక్క దారి పొడవునా కిటికీలోంచి చూస్తూ సంతోషంగానే ఉంది.

తర్వాత కొన్నాళ్ళకు, పొద్దు వాలుతున్నప్పుడు, చీరలు రెండు గుడ్డసంచిలో పెట్టుకొని వాకిట్లో కూర్చుంది.

"పోదాం పా పాపా. వాళ్ళొచ్చేలోపల."

"ఎవరొచ్చేది?"

"ఇంటోళ్ళు. ఎన్నాళ్ళని ఒకరింట్లో ఉంటాం? ఆయమ్మ సంతకు పోయిండాది. వస్తే ఏమనుకుంటాది?"

"ఇది నీ ఇల్లేనక్కా. నీ పేరునే ఉండాది" అని బీరువాలో నుంచి భూమి పాసుపుస్తకం తెచ్చి, అందులో ఆమె ఫోటో చూపించాను. అక్క దాన్ని దగ్గరగా పెట్టుకొని చూసింది. ఫోటోను వేలితో తడిమింది.

"ఈయమ్మేనా ఇంటామె? పుణ్యాత్మురాలు. మనల్ని ఇన్నాళ్ళు ఉండనిచ్చింది" అనింది.

నేను పుస్తకం లోపల పెట్టేసి, వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఆ రోజు నుంచి అదే మాట. పొద్దున లేవగానే ఇల్లంతా ఊడ్చేది, గిన్నెలు తోమి బోర్లించేది, ఒక్క వస్తువూ తనది కానట్టు తిరిగేది. మంచి గదిలో పడుకోనని వరండాలో చాప వేసుకునేది. కీర కాయ కోసి ముక్కలు చేతికిస్తే, "అడిగి కోసినావా?" అనేది. మగ్గం గుంతలో నలభై ఏళ్ళు కూర్చున్న మనిషికి సొంతంగా ఒక చోటు ఇవ్వాలని నేను కొన్న ఇంట్లో ఆమె రోజంతా భయపడుతూ బతికింది.

అప్పుడే తోట అమ్మిన ఆయన వచ్చాడు, ఏడాదికోసారి వచ్చినట్టే, టెంకాయ, బంతిపూలు పట్టుకొని. గేటు తీసిన చప్పుడుకు అక్క లేచి, కొంగు భుజం నిండా కప్పుకొని, గోడకు ఆనుకొని నిలబడింది. అద్దె ఇంటివాళ్ళు యజమాని ముందు నిలబడినట్టు.

"అప్పా, మీ ఇల్లు శుభ్రంగా పెట్టుకున్నాం. కాయలు ఒకటి కూడా దాచుకోలేదు. ఈ పాపను అడగండి. రేపే పోతాం" అనింది.

ఆయనకేమీ అర్థం కాక నా వైపు చూశాడు. పక్కకు పిలిచి అక్క జబ్బు సంగతి, సంతకు పోయిన ఇంటామె సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన పూలసంచి గట్టు మీద పెట్టి, అక్క దగ్గరికి పోయి, ఆమెను కూర్చోబెట్టి, తను కింద గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, మా ఇంటామె నాతో చెప్పి పంపించింది. మీరు ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళూ ఉండమనింది. పోవద్దనింది."

"ఆయమ్మ రాలేదా?"

"ఇప్పట్లో రాదమ్మా."

"బాగుండాదా?"

ఆయన గట్టు మీది పూలసంచి వైపు చూశాడు. "బాగుండాదమ్మా" అన్నాడు చివరికి.

కానుగ చెట్టు దగ్గర ఆయన చాలాసేపు కూర్చున్నాడు. పోయేటప్పుడు నేను గేటుదాకా వెంట నడిచాను. "మీరు చేసిన సాయం మరిచిపోనన్నా" అన్నాను. "నాకే బాగున్నిందమ్మా, ఆమె సంతకు పోయిందనుకుంటే" అని చెప్పి, బండి స్టార్టు చేసుకొని వెళ్ళిపోయాడు.

ఆ అబద్ధం మాకు నాలుగు నెలలు పనికొచ్చింది. "ఆయమ్మ ఉండమనింది" అని పనివాళ్ళకు చెప్పుకునేది అక్క. మళ్ళీ గదిలో పడుకునింది. ముక్కలు కోసిస్తే తినింది. వానలు మొదలయ్యేసరికి అది కూడా మరిచిపోయింది.

ఒకరోజు నేను బోరు మెకానిక్కుతో మాట్లాడుతున్నప్పుడు అక్క గేటు దాటి పోయింది. పనామె, ఆమె మొగుడు, నేను, మూడు దిక్కులా వెతికాం. సాయంత్రానికి పెనుకొండ రైల్వే స్టేషనులో దొరికింది. బెంచీ మీద ఒద్దికగా కూర్చొని ఉంది. పాదాల్లో ముళ్ళు, చీర అంచు చినిగిపోయింది. టీ అమ్మే ఆయన ఆమె చేతికి బన్ను ఇచ్చి పక్కనే నిలబడ్డాడు. "ధర్మవరం బండి ఎప్పుడని అడుగుతాందమ్మా మధ్యాహ్నం నుంచి. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉండాదంట" అన్నాడు.

అవ్వ పోయి ముప్పై ఏళ్ళు దాటింది.

మళ్ళీ అట్లా పోతుందన్న భయానికి అక్కను హిందూపురం తీసుకొచ్చేశాను. తోట కౌలుకు ఆ మొగుడూ పెళ్ళాలకే ఇచ్చాను. మంచిగా చేసుకుంటున్నారు. కీర పోయి క్యాప్సికం వచ్చింది. అక్క మాత్రం తోట గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

మా ఇంట్లో ఆమె రోజులు మంచం మీద, దుప్పటి అంచు దారాలు లాగి ముళ్ళు వేయడంలో గడిచాయి. నేను స్నానం చేయించేదాన్ని, అన్నం కలిపి పెట్టేదాన్ని. మొదట నన్ను పాప అనేది. తర్వాత ఏమీ అనకుండా చూసేది. చివరి నెలల్లో "సిస్టర్" అనడం మొదలుపెట్టింది. నాడి పట్టి చూసే తీరు చూసి ఆస్పత్రి నర్సుననుకుంది. నలభై ఏళ్ళు రోగులంతా నన్నట్లాగే పిలిచారు.

ఒక పొద్దున తల దువ్వుతుంటే నా మణికట్టు పట్టుకుంది.

"సిస్టర్, మీకొక మాట చెప్పల్ల. నాకొక చెల్లెలుండాది. బాగా చదువుతాది. పరీక్షలు జరుగుతాండాయి దానికి."

"అవునా?" అన్నాను.

"నాకు బాగలేదని దానికి కబురు చేయొద్దండి. పరీక్ష ఇడిసిపెట్టి వచ్చేస్తాది. అట్లాంటిది అది. నా బదులు గుంతలో దిగుతానంటాది."

"చెప్పనమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

చేయి వదిలి, దువ్వించుకోవడానికి తల వంచింది. నేను జడ మొత్తం అల్లాను, చిక్కులు లేకుండా.

ఆ తర్వాత మూడు వారాలకు, న్యుమోనియాతో, మధ్యాహ్నం పూట అక్క పోయింది. తోటలోనే పెడదాం, ఆమె నేలే కదా అన్నారు కౌలుకు చేసేవాళ్ళు. నేను ఒప్పుకోలేదు. కాగితాలు ఏం చెప్పినా అక్కకు అది పరాయి ఇల్లే. ఆమె పోవాలనుకున్న చోటు వేరే. ధర్మవరానికే తీసుకుపోయాం, నాయన పక్కకు.

మా పాత వీధివాళ్ళంతా వచ్చారు. అందరూ ఒకటే అడిగారు, చివర్లో నిన్ను గుర్తుపట్టిందా అని. పట్టిందనే చెప్పాను.